రాలని పూలు

"వకుళ ఫైలు మూసేయమంటారా అమ్మా?" అని సుభాషిణి అడిగింది.

భర్త దెబ్బలు భరించలేక వకుళ ఆ కొండ ఊరి స్త్రీల ఆశ్రయానికి వచ్చి ఆరు నెలలు ఉంది. పెద్దమనుషులు రాజీ కుదిర్చి వెనక్కి పంపారు. ఆడదాన్ని ఇల్లు చేర్చడంలో వాళ్ళకున్న శ్రద్ధ, ఆ ఇంట్లో ఆమె ఏమైందో చూడటంలో ఉండదు. నెల గడిచాక, ఆశ్రయం నడిపే పరంజ్యోతమ్మ తన దగ్గర పని నేర్చుకుంటున్న సుభాషిణిని చూసి రమ్మంది. సుభాషిణి వెళ్ళివచ్చి అంతా బాగుందని చెప్పింది. కొత్త చీర, తల్లో పూలు, ఉన్నంతసేపూ చెదరని నవ్వు. అత్తగారు కాఫీ ఇచ్చింది. పువ్వులా చూసుకుంటున్నామని భర్త అన్నాడు.

పరంజ్యోతమ్మ చేస్తున్న పని ఆపలేదు. కుండీలోని ఎరికా పొద చుట్టూ రాలిన సరుగుడు ఆకులు పరుస్తోంది. చలి కొండల మొక్క అది. సూదుల్లాంటి ఆకులు ఏడాదంతా పచ్చగా ఉంటాయి, గులాబీరంగు పూలు చిన్న గంటల్లా వేలాడతాయి. వేళ్ళు మాత్రం వెంట్రుక కన్నా సన్నం. వాననీళ్ళే పోయాలి. సున్నం ఉండే బోరునీళ్ళు పడవు, ఎరువు అసలు పడదు.

నిరుడు దీని జత కుండీని కింద ఊళ్ళో ఉండే రిటైర్డ్ ఇంజనీరు సదాశివరావుకు ఇచ్చానని ఆమె చెప్పింది. ఎరువు వెయ్యొద్దంటే ఆయన నవ్వాడట. తిండి పెట్టకుండా పెంచడమేమిటని గుప్పెళ్ళకొద్దీ పేడ ఎరువు వేసి, పూటపూటా బోరునీళ్ళు పోశాడు. రెండు నెలలకు ఆమె వెళితే కుండీ తెచ్చి వసారాలో పెట్టి, "చూడండమ్మా, ఒక్క పువ్వు రాలలేదు. మీరేమో ఊరికే బెదరగొట్టారు," అన్నాడు. నిజమే, ఒక్కటీ రాలలేదు. వేలితో తాకితే పూలు కాగితాల్లా గలగలలాడాయి. కొమ్మ పట్టుకుంటే మొక్కంతా చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి.

"చచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకు తెలియదు. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాడు."

వకుళ నీతో ఎన్ని మాటలు మాట్లాడిందని పరంజ్యోతమ్మ అడిగింది. సుభాషిణికి ఒక్కటీ గుర్తు రాలేదు. అడిగిన ప్రతిదానికీ అత్తగారే జవాబు చెప్పింది. వకుళ వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రాలేదు. సుభాషిణి ఫైలు బల్లమీద పెట్టేసి, మధ్యాహ్నం బస్సుకని సంచీ భుజాన వేసుకుంది.

పరంజ్యోతమ్మ చేతుల మట్టి దులుపుకుంది.

"ఈసారి కాఫీ తాగకు. ఆమె చెయ్యి పట్టుకుని చూడు."