పోలమ్మ పిడికిళ్ల వరస

అనగనగా, అలలు ఇప్పటికన్నా గట్టిగా అరిచే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఆడది పడవల్ని లెక్కపెట్టకూడదు. పెడితే ఆ పడవ తిరిగి రాదు. సముద్రం వింటుంది.

వలలు బాగుచేసి బతికే పోలమ్మ కూడా లెక్కపెట్టలేదు. ఒక సాయంత్రం మగాళ్లు వేట నుంచి వచ్చి ఎవరి గుడిసెకి వాళ్లు పోయారు. ఆమె మొగుడి పడవ రాలేదని తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పటికి చెక్కముక్కలే వచ్చాయి.

ఆనాటి నుంచి పడవలు నీళ్లలోకి దిగినప్పుడల్లా ఆమె ఒడ్డునే నిలబడిపోయేది. లెక్కపెట్టకపోతే భయం. లెక్కపెడితే ఇంకా భయం.

ఆలోచించి ఆలోచించి, ఆడపిల్లల్ని ఇసకలో రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"వెళ్లే పడవలు ఈ వరసకి, వచ్చేవి ఆ వరసకి. పడవ దాటితే మొదటి పిల్ల పిడికిలి బిగించాల. ఇంకోటి దాటితే విప్పి, పక్కదాన్ని మోచేత్తో పొడవాల. పొడిపించుకున్నదీ అలాగే సెయ్యాల. సాయంత్రం రెండు వరసల చేతులూ ఒక్కలా ఉంటే అందరూ వచ్చినట్టే."

"ఇది లెక్క కాదా అత్తా?" వరసలో ఉన్న చిన్నమ్మి అడిగింది.

"ఎన్ని పడవలో నీకు తెలుసా?"

"తెల్దు."

"నాకూ తెలీదు. ఇంక సముద్రానికి ఎవరు చెప్తారే?"

మొదటిసారి గురువులు అనే ఊరిపెద్ద చూసి నవ్వాడు. "ఏటే పోలీ, పిల్లలకి గుద్దులాట నేర్పుతున్నావా?"

రెండోసారి ఇసక తన్నాడు. "సముద్రం వింటాదే!"

మూడోసారి మంచు దిగింది. పడవలు వచ్చాయి. చేతులు కలవలేదు.

చిన్నమ్మి వాళ్ల అయ్య పడవ రాలేదు.

"మింగేశావు కదే!" గురువులు అరిచాడు.

నిజమేనేమో అనుకుంది పోలమ్మ. అయినా ఒడ్డునున్న ఒక పడవని పట్టుకుంది. "నేనే మింగుంటే నేనే కక్కిస్తాను. తొయ్యండి!"

ఆడది ఎక్కాక గురువులు ఎక్కక తప్పలేదు. మంచులో వినిపించే కేకల వెంట వెళ్లారు. బోల్తాపడ్డ పడవని కరుచుకుని చిన్నమ్మి అయ్య దొరికాడు. పడవకి తాడు కట్టి లాక్కొచ్చారు.

పిల్లలు మళ్లీ పొడుచుకున్నారు. బిగించారు, విప్పారు. చేతులు కలిశాయి! కేరింతలు కొట్టారు.

"అత్తేదీ?" అంది చిన్నమ్మి.

గురువులు వెనక్కి తిరిగాడు. పోలమ్మ కూర్చున్న చోట తెడ్డొక్కటే ఉంది. ఒడ్డు దగ్గర పెద్ద అల కొట్టినప్పుడు ఎవరూ వెనక్కి చూడలేదు.

ఆ పిల్లలు ఏ ఒడ్డుకి కోడళ్లైతే ఆ ఒడ్డుకి ఆ వరస వెళ్లింది. ఇప్పుడక్కడ ఆడవాళ్లు పిడికిళ్లతో పాటు గొంతెత్తి కూడా లెక్కపెడతారు. ఎవరూ కాదనరు. కానీ చేతులు కలిసినా లేవరు. దిగిన ప్రతి మనిషినీ ముట్టుకుంటారు. ఆఖర్న నీళ్లవైపు తిరిగి, "పోలమ్మా, దిగావా?" అని పిలుస్తారు. ఒక అల వచ్చి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడే ఇళ్లకి పోతారు.