ధవళుడి తోక

అనగనగా నల్లమల కొండల్లో ఒక వాగు. ఊఁ కొడుతూ వినాలి సుమా! ఈ కథలో పిట్టకి నిలకడ తక్కువ, మీరు ఏమరితే ఎగిరిపోతుంది.

ఆ వాగు ఒడ్డున నేరేడు చెట్టు మీద ధవళుడనే తోకపిగిలిపిట్ట కాపురం ఉండేవాడు. నల్లని తల, తల మీద చిన్న కుచ్చు, పాలనురుగు లాంటి తెల్లని ఒళ్ళు. ఒళ్ళు చూస్తే పిడికెడు, తోక చూస్తే మూరెడు. రెండు పొడుగాటి తెల్లని ఈకలు వెనకాల తేలుతూ వస్తుంటే, కోతులు కూడా కాయ కొరకడం ఆపి చూసేవి. ఇక గొంతంటారా, అప్పుడప్పుడూ ఏదో కూనిరాగం తీసేవాడులెండి. కోపమొస్తే మాత్రం "చ్రీ, చ్రీ" అని అరిచే అరుపుకి చెవులు మూసుకోవాల్సిందే.

ఒక్కచోట ఉండేవాడు కాడు. ఈ కొమ్మ దగ్గర ఈగ, ఆ కొమ్మ దగ్గర తూనీగ, సాయంత్రమైతే మడుగులో మునకలు. పిట్టను పిల్లితో పోల్చకూడదు గానీ, కాలుగాలిన పిల్లి అయినా అతని ముందు దిగదుడుపే.

అలాంటివాడికి కూర్చునే వంతు వచ్చింది. ఆ జాతిలో గుడ్లు పొదగడం ఆడదాని పని అని తప్పించుకోవడం కుదరదు, ఇద్దరూ వంతులేసుకోవాలి. భార్య పేరు పాటలి, ఇటుకరంగు పిట్ట. నాలుగు గుడ్లు పెట్టింది. ఆమె మేతకు లేస్తే ధవళుడు కూర్చునేవాడు. గూడేమో గిన్నెంత. తోక అందులో పట్టక బయటికి వేలాడేది.

ఒకనాడు గోరింక వచ్చి, మడుగు దగ్గర కొత్తగా దిగిన పిట్టలు నీ తోక చూడాలంటున్నాయని చెప్పింది. ధవళుడికి కాలు నిలవలేదు. రెప్పపాటే కదా అనుకుని వెళ్ళాడు. మూడు చుట్లు తిరిగి, ఆహా ఓహో అనిపించుకుని వచ్చేసరికి గూట్లో మూడే గుడ్లున్నాయి.

ఎదుటి మద్దిచెట్టు మీద కొండకాటిగాడు ముక్కు తుడుచుకుంటున్నాడు. గోధుమరంగు ఒళ్ళు, మసి పూసుకున్న మొహం. పిట్టల్లో కాకికి దూరపు చుట్టం, దొంగబుద్ధిలో మాత్రం తోబుట్టువే.

పాటలి వచ్చి చూసింది. మిగిలిన మూడింటినీ పొట్ట కిందికి జరుపుకుని కూర్చుంది. తిట్టినా బాగుండునని ధవళుడు కుమిలిపోయాడు.

ఆపైన తన వంతులో అతను కదల్లేదు. రెక్కలు దురదపెట్టినా, ముక్కు ముందే దోమ తిరిగినా కదల్లేదు. దొంగ రెండోసారి వస్తే గూట్లోంచే గొంతు చించుకున్నాడు. ఆ అరుపుకి పక్కచెట్టు మీది నల్లపిట్ట పసులపోలిగాడు దూసుకొచ్చాడు. పోలిగాడు చూడ్డానికి బొగ్గుముక్కంతే గానీ, రేగితే గద్దనైనా తరుముతాడు. కొండకాటిగాడు నాలుగు ఈకలు రాల్చుకుని పారిపోయాడు.

గుడ్లు పిల్లలయ్యాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. వాగు సన్నబడింది, పురుగు కరువైంది. మూడు నోళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటున్నాయి. పాటలి ఒక్కతే ఎంత తిరిగినా చాలడం లేదు. ఇద్దరూ వెళితే పిల్లలు దొంగపాలు, ఒకరు ఆగితే ఆకలిపాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నపిల్ల అరుపు రోజురోజుకీ సన్నగిల్లుతుంటే, ధవళుడికి కూర్చున్న చోట నిప్పులున్నట్టే ఉంది.

ఇదంతా కొండకాటిగాడు చూస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కొమ్మ మీద వాలి పలకరించాడు.

"నీ తోక ఎంత ఉపకారి బావా! అది వేలాడితే నువ్వున్నావని ఆగుతాను. నువ్వుంటే అరుస్తావు, అరిస్తే ఆ పోలిగాడు దిగుతాడు. అది వేలాడని రోజున గూడు నాది. ఎన్నాళ్ళు కూర్చుంటావో కూర్చో, నాకేం తొందర."

ధవళుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అరవబోయి ఆగాడు. దొంగ అన్న మాటల్ని మనసులో మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. వాడు ఆగుతున్నది తనని చూసి కాదు, తోకని చూసి.

మర్నాడు దొంగ నిద్రలేవకముందే, తోకలో పొడుగాటి ఈకను ముక్కుతో పట్టి లాగాడు. ప్రాణం జిల్లుమంది. పాటలి అడ్డుపడింది.

"ఇది మళ్ళీ మొలిచేసరికి ఏడాది పడుతుంది," అంది.

"పిల్లలు మళ్ళీ మొలవరు," అన్నాడు ధవళుడు.

రెండో ఈకను పాటలి తనే లాగింది. గూటికి చుట్టిన సాలీడు దారాలతో రెండింటినీ అంచుకి బిగించి, బయటికి వేలాడదీశారు. ఆకుల మాటునుంచి జారి, ఇద్దరూ మేతకు పోయారు.

మొదటిరోజు ఈకలు గాలికి ఊగాయి. కొండకాటిగాడు ఆవులించాడు.

రెండోరోజు ఆకలేసి నేరేడు కొమ్మదాకా వచ్చాడు. లోపల పిల్లలు మెసిలేసరికి ఈకలు ఠక్కున కదిలాయి. వాడు వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

ధవళుడికి ఆ రోజులు ఎలా గడిచాయో ఏం చెప్పను! తోక లేక మలుపుల్లో తూలేవాడు, పట్టిన ఈగ జారిపోయేది, ప్రతి పురుగుకీ గుండె గూటివైపు లాగేది. అయినా ఆకుల మాటునే తెచ్చి పెట్టాడు, ఇద్దరూ తెచ్చి పెట్టారు. చిన్నపిల్ల గొంతు మళ్ళీ గట్టిపడింది.

మూడోరోజుకి పిల్లల రెక్కలు ముదిరాయి. ఒకటి గూటి అంచెక్కింది, దాని వెనక రెండోది. పాటలి పిలిస్తే మూడూ వాగు దాటి అవతలి వెదురుపొదలో వాలాయి. సరిగ్గా అప్పుడే కొండకాటిగాడి ఓపిక తెగింది. వచ్చేది రానీ అని గూటి మీదికి ఒక్క దూకు దూకాడు. వాడి నోటికి దక్కింది రెండు ఈకలు, ఇంత సాలెగూడు.

ఆ సాయంత్రం ధవళుడు చాలా రోజుల తర్వాత మడుగుకి వెళ్ళాడు. నీళ్ళలో తన మొండితోక చూసుకుంటే సిగ్గేసింది, అబద్ధమెందుకు. గోరింక పగలబడి నవ్వింది, తోక ఎక్కడ పారేసుకున్నావయ్యా అని అడిగింది.

"పారేసుకోలేదు," అన్నాడు ధవళుడు. "ఇంటి దగ్గర కాపలా ఉంచాను."

అవతలి పొదలోంచి మూడు గొంతులు ఆకలని ఒకేసారి అరిచాయి. ధవళుడు మునక కూడా వేయకుండా లేచి అటు ఎగిరిపోయాడు.

కనుక పిల్లలూ, పదిమంది మెచ్చే అందం పూటకే పరిమితం, నమ్ముకున్నవాళ్ళ కోసం వదులుకున్న అందమే కలకాలం నిలుస్తుంది.