నల్లగుట్ట మీది మహిమ రాయి

ఇప్పచెట్ల అడవిలో బొద్దయ్య అనే ఎలుగుబంటి, అతని పెళ్ళాం నల్లమ్మ కాపురం ఉండేవారు. బొద్దయ్యకు తేనె తినడం, తిన్నాక నడుం వాల్చడం తప్ప వేరే పని లేదు. ఒకరోజు అతగాడు చీమలపుట్ట ముందు నిలబడి "ఏమే, ఇవాళ తిండి పెట్టవా?" అని గదమాయిస్తున్నాడు.

"నేనిక్కడున్నానయ్యా," అంది వెనకనుంచి నల్లమ్మ. నవ్వొచ్చింది గానీ ఆ వెంటనే గుండె జారిపోయింది. మొగుడి చూపు పోతోంది.

వైద్యుడు వడ్రంగిపిట్ట వచ్చి బొద్దయ్య ఛాతీ మీద టకటకా కొట్టి చూశాడు.

"ఒంట్లో తీపి ముదిరింది. తేనె మానెయ్. రోజూ నల్లగుట్ట దాకా నడువు. ఈ చేదు మాత్రలు మింగు. లేదంటే కళ్ళు దక్కవు."

"మూడూనా? ఒకటి తగ్గించుకోరాదూ?"

"ఇదేమన్నా సంతలో వంకాయల బేరమా?" అని పిట్ట ఎగిరిపోయాడు.

పొద మాటునుంచి అంతా విన్న నక్క నాంచారయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. "బతికినన్నాళ్ళూ మాత్రలేంటి బావా? ఏట్లో పారెయ్! నల్లగుట్ట మీద మహిమ గల రాయి ఉంది. రోజూ పొద్దున్నే నడిచెళ్ళి నాకి రా. చాలు."

"మరి నీకేం ఇవ్వాలి?"

"నీ దగ్గర పుచ్చుకుంటానా? నీ చెట్ల తేనె మాత్రం నాకొదిలెయ్. నువ్వు తేనె ముట్టుకుంటే రాయి పనిచెయ్యదు."

పొద్దున్నే బావను గుట్టెక్కిస్తే తేనెపట్లకు అడ్డెవరుంటారు? నక్క ఎత్తు అది. మాత్రలు తప్పాయన్న సంబరంలో బొద్దయ్య వెంటనే సరేనన్నాడు.

పక్కనే ఉండి విన్న నల్లమ్మకు ఒళ్ళు మండిపోయింది. నక్క చెవి మెలిపెడదామని రెండడుగులు వేసి ఆగింది. తేనె మానడం, గుట్ట దాకా నడవడం... వైద్యుడు చెప్పిందీ అదేగా! తను చెబితే వినని మొగుడు రాయి పేరు చెప్పి చేస్తానంటే చెయ్యనీ. ఏట్లోకని మొగుడు విసిరితే ఒడ్డున పడ్డ మాత్రలు ఏరుకొచ్చి, రోజూ నూరి చెదల గంజిలో కలిపింది.

"చేదుగా ఉందేమిటే?"

"ఈ ఏడు చెదలే అలా ఉన్నాయి. తాగు."

నక్కకు మాత్రం రోజూ మర్యాదలు చేసేది. "తమ్ముడూ, పట్టులో చుక్క మిగల్చకు. మిగిలితే మీ బావ నాలుక ఊరుకోదు."

ఇప్పపూలు రాలే వేళకు బొద్దయ్యకు కొమ్మ మీది చీమ కూడా కనిపించసాగింది. అడవంతా రాయి మహిమే చాటాడు. నక్కకేమో పొట్ట నేలకు రాసుకుంటోంది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. ఒక పొద్దున బొద్దయ్యను పట్టుకుని "నల్లమ్మక్కా, తేనె ఏదీ?" అని అడిగాడు.

"అయ్యో బావమరిదీ, నా కళ్ళు నిలబెట్టినవాడివి! పద, నీ రాయి నువ్వూ నాకుదువు గాని," అని బొద్దయ్య అతన్ని గుట్టకేసి లాక్కెళ్ళాడు. నల్లమ్మ నవ్వాపుకుంటూ వెంట నడిచింది.

సగం దారిలో నక్క రొప్పుతూ చతికిలబడ్డాడు. "ఒరే నాయనా, అది వట్టి రాయిరా! నన్ను వైద్యుడి దగ్గరికి తీసుకుపో!"

బొద్దయ్య నోరు తెరిచాడు. "మరి నా కళ్ళెలా బాగయ్యాయి?"

"నడిచావు. నీ తేనె వీడు తిన్నాడు. మాత్రలు నీ గంజిలో ఉన్నాయి," అంది నల్లమ్మ. ఇన్నాళ్ళు దాచిన మాట చెప్పేసరికి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

బొద్దయ్య కాసేపు మూతి ముడిచాడు. తర్వాత పెళ్ళాం ముఖం కేసి చూశాడు. ఆ కన్నీళ్ళు కూడా స్పష్టంగా కనిపించాయి. "రేపట్నుంచి గంజిలో కలపకు. నేనే మింగుతాను," అన్నాడు.

వడ్రంగిపిట్ట నక్క ఛాతీ మీద టకటకా కొట్టి, అవే మూడూ చెప్పాడు.

"ఒకటి తగ్గించుకోరాదూ?" అని గొణిగాడు నక్క.

"వంకాయల బేరమా?" అంటూ బొద్దయ్య అతని నోట్లో చేదు మాత్ర వేసి, నడకకు లేవదీశాడు.

నీతి: ఒళ్ళు బాగుపడితే చాలదు, దేనివల్ల బాగుపడిందో కూడా తెలుసుకోవాలి.