చాపలవాడ గొప్పతనం

పూర్వం హేమగిరిలో ఏ నేలను దేనికి వాడాలో తేల్చమని రాజుగారు ఒక నగర సభను ఏర్పాటు చేశారు. ఆ సభకు పెద్ద విరూపాక్షయ్య. చాపలవాడ జనాన్ని కోటగోడ అవతలికి పంపేసి, ఊరి చెత్తంతా ఆ వాడలో పోయించాలని ఆయన తీర్మానించాడు.

ఆ మాట చాపలల్లే పైడితల్లి చెవిన పడింది. ఆమె పుట్టిందీ, పిల్లల్ని కన్నదీ ఆ వాడలోనే. కళ్లు తుడుచుకుని తిన్నగా కొలువుకు వెళ్లి మొరపెట్టుకుంది.

"ఆ చోటే ఎందుకయ్యా?" అని రాజుగారు సభాపెద్దను అడిగారు.

"మెరక నేల, మహాప్రభూ! చల్లటి గాలి. ఎంత వానకైనా చుక్క నీరు నిలవదు. చెత్త పోసినా వాసన రాదు, దోమ పుట్టదు," అని విరూపాక్షయ్య ఊదరగొట్టాడు.

పైడితల్లి చేతులు జోడించింది. "మాది ఇంత గొప్ప నేలని దొరగారు చెప్పాకే తెలిసింది మహారాజా! దాన్ని చెత్తపాలు చేస్తామా? సభాపెద్దలకే అక్కడ మేడలు కట్టించండి. వారు ఖాళీ చేసిన వీధిలో చెత్త పోయిద్దాం."

"బాగుంది! రేపే శంకుస్థాపన," అన్నారు రాజుగారు.

విరూపాక్షయ్య గబగబా అడ్డుపడ్డాడు. "వద్దు ప్రభూ! అది వట్టి పల్లం. వానొస్తే మోకాటిలోతు నీళ్లు. దోమలకైతే పుట్టిల్లు!"

"మరి అక్కడ చెత్త పోస్తే ఆ నీళ్లు ఇంకి ఎవరి బావుల్లోకి వెళ్తాయి?" అని రాజుగారు నిలదీశారు.



చెత్తను ఊరవతల పాత రాతిగనికి పంపమనీ, వానాకాలమంతా నగర సభ చాపలవాడలోనే కూర్చోవాలనీ ఆజ్ఞ అయింది. తొలకరి పడేలోగా ఆ వాడకు చక్కటి మురుగుకాలువ వచ్చింది. దగ్గరుండి తవ్వించినవాడు విరూపాక్షయ్యే!