కాయ కొట్టని రేవు

2019 అక్టోబరు 13, ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి. తెల్లవారుజామున చినుకులు పడి ఆగాయి. తొమ్మిదయ్యేసరికి ఎండ చుర్రుమంది, ఆకు కదల్లేదు. బర్మా దేశంలో మోల్‌మేన్ పట్టణానికి ఎగువన, సాల్వీన్ నది ఒడ్డున ఉన్న ఈ రేవులో ఆనాడు యాత్రికులు గంటసేపు వరుసలో నిలబడ్డారు. ఆ పండుగను బర్మీయులు తడింజు అంటారు. బుద్ధ భగవానుడు స్వర్గంలో తన తల్లికి ధర్మం బోధించి భూమికి దిగివచ్చిన రోజు అది. మొదట గట్టు మీది స్తూపానికి దీపాలు పెడతారు. ఆ పైన పిన్నలు పెద్దలకు మొక్కి, ఏడాదంతా చేసిన తప్పులకు క్షమాపణ కోరతారు. తరువాతే నీటి అంచున ఉన్న చిన్న చెక్కగుడికి వస్తారు.

ఆ గుడిలో విగ్రహం లేదు. తొడిమతో సహా కోసిన నిండు కొబ్బరికాయ ఒకటి, తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని దూలానికి వేలాడుతూ ఉంటుంది. అదే అమ్మవారు. మన యాత్రికులు అలవాటు కొద్దీ కాయ కొట్టబోతారు. ఇక్కడ కొట్టరాదు. ఎందుకు కొట్టరాదో ఇంతవరకు అచ్చయిన పుస్తకాలన్నీ తప్పుగానే చెప్పాయి. ఇక్కడి బియ్యం మిల్లుకు కూలీలను తెచ్చిన మేస్త్రీకి కల వచ్చిందని రాశాయి. అచ్చు వేయించినది మేస్త్రీ వంశం వారే కాబట్టి అందులో వింత లేదు. కల వచ్చింది ధాన్యం ఎండబోసే ఒక కూలిమనిషికి.

పూర్వం ఇక్కడ పడవ నడిపే పడుచు ఒకతె ఉండేది. చిల్లుపడ్డ పడవలో జనాన్ని ఎక్కించనని ఆమె మొండికేస్తే, పడవల ఆసామి ఆమెను తోసేశాడు. రేవురాతికి తగిలి తల పగిలింది. ఇలా అకాలమరణం పొంది ఊరిని కాచేవారిని బర్మీయులు 'నాట్' అంటారు. మన పేరంటాళ్ళ వంటివారే. బతికున్నప్పుడు నోరెత్తనివ్వని ఊరు, చచ్చాక గుడి కట్టడం అక్కడా ఇక్కడా ఒక్కటే. పగిలిన తలకు బదులుగా నిండు కాయ కట్టారు. కాయలో నీళ్ళు ఉన్నంతకాలం అమ్మ ఉన్నట్టు. ఎండితే మార్చాలి.

చాలా కాలానికి రేవు పక్కన బియ్యం మిల్లు వెలిసింది. కాకినాడలో ఓడ ఎక్కిన మనవాళ్ళు కూలికి వచ్చారు. వారిని తెచ్చినవాడు గేదెల అప్పలసూరి మేస్త్రీ. వచ్చినవారిలో కూర్మమ్మ ఒకతె. మొగుడు జ్వరంతో పోతే, చంటిపిల్లతో మిల్లు వారి గుడిసెలోనే తలదాచుకునేది.

ఒకనాడు ధాన్యం పడవ బురదలో కూరుకుపోయింది. మన అలవాటు ప్రకారం కాయ కొట్టి తోయాలి. కాయ తేవడం మేస్త్రీ మరిచాడు. ఎదురుగా గుడిలో వేలాడుతున్నది కనబడింది. తెంపి, రేవురాతి మీదే కొట్టి, ముక్కలు అందరికీ ప్రసాదమని పంచాడు. పడవ కదిలింది. కూర్మమ్మ తన ముక్క తినలేదు, పిల్లకోసం ఒళ్ళో దాచుకుంది.

గుడిలో కాయ ఏమైందని అడగడానికి సాయంత్రం ఊరి పెద్దలు వచ్చారు. ముక్కలు తిన్నవాళ్ళందరూ మూతులు తుడుచుకుని మేస్త్రీ వంక చూశారు. పని ఇచ్చేవాడు అతనే మరి. అతను కూర్మమ్మ ఒళ్ళోకి చెయ్యి చూపించాడు. అపచారం ఈ మనిషిదేనని, పండుగ పౌర్ణమిలోగా ఆమెను రేవు దాటిస్తానని మాట ఇచ్చాడు.

"నీ సేత్తోనే ఎట్టినావు గదా బాబూ" అంది ఆమె.

"నోర్ముయ్యే. సముద్రం దాటించి తెచ్చినోణ్ణి నాను."

పౌర్ణమికి రెండురోజుల ముందు మిట్టమధ్యాహ్నం, కళ్ళంలో పిచ్చుకల్ని తోలుతూ తోలుతూ కూర్మమ్మ కునుకు తీసింది. తడిబట్టలతో ఒక పడుచు వచ్చి ధాన్యం మీద కూర్చుంది. "నా తల ఒకసారి పగిలింది. మీవాడు అదే రాతి మీద మళ్ళీ పగలగొట్టాడు. నింద నీమీద వేశాడు. వాడి చేతికి నిండు కాయ ఇప్పించు. నలుగురూ వింటారు" అన్నది. లేచి చూస్తే ఆమె కూర్చున్నచోట ధాన్యం తడిసి ఉంది.

గుడి చూసే ముసలమ్మ డో సీన్ దగ్గరకు కూర్మమ్మ పరుగెత్తింది. వచ్చీరాని బర్మా భాషలో, చేతులతో సగం, ఏడుపుతో సగం చెప్పింది. డో సీన్ నవ్వలేదు. పండుగనాటికి మూడు కాయలు దింపించి ఉంచింది.

పౌర్ణమినాడు జనమందరి ముందు, కొత్త కాయ కట్టే గౌరవం మీదేనని ముసలమ్మ మేస్త్రీని పిలిచింది. అతను మీసం దువ్వుకుంటూ వచ్చాడు. కట్టేముందు చెవి దగ్గర ఆడించి నీళ్ళ చప్పుడు వినిపించాలి. ఆడించాడు. చప్పుడు లేదు. రెండోది మార్చాడు, మూడోదీ మార్చాడు. అన్నీ మూగవే.

"ఎండుకాయలు తెచ్చినావు ముసలమ్మా."

"పొద్దున దింపించినవే నాయనా. నీ చెయ్యి తగిలేదాకా నీళ్ళున్నాయి."

ఆ మూడో కాయనే అతని చేతిలోంచి తీసి కూర్మమ్మకు ఇచ్చింది. ఆమె చేతిలో అది గలగలమంది. వెనక వరుసలో ఉన్నవారికి కూడా వినబడింది. ఆమే దూలానికి కట్టింది. అప్పుడుగాని, కాయ కొట్టింది మేస్త్రీయేనని చెప్పడానికి ముక్కలు తిన్నవాళ్ళకు నోళ్ళు పెగల్లేదు.

అది క్షమాపణల పండుగ కదా. అప్పలసూరి భిక్షువులకు మొక్కాడు, ఊరి పెద్దలకు మొక్కాడు, మిల్లు గుమస్తాకు కూడా మొక్కాడు. కూర్మమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో అయిపోనాది" అని దాటిపోయాడు. మొక్కమని ఒక్కరూ అనలేదు. ఆడకూలీకి మొక్కడమేమిటని అందరికీ తోచింది కాబోలు. గుడిసె మాత్రం ఆమె బతికినన్నాళ్ళు ఆమెకే ఉంచారు. అమ్మవారు చేయగలిగింది అంతే, మిగిలింది మనుషులు చేయవలసింది.

నాటినుంచి ఈ రేవులో కాయ కొట్టరు. చేయని తప్పుకు నింద మోస్తున్నవారు నిండు కాయ చెవి దగ్గర ఆడించి, చప్పుడు విని, గుడిలో ఉంచి వెళతారు. ఏడాది తిరగకుండా నిజం బయటపడుతుందని నమ్మకం. పడిందని చెప్పడానికి మళ్ళీ వచ్చినవారు ఎందరో.

డో సీన్ పోయాక గుడి తాళం ఆమె మేనకోడలికి వచ్చింది. గుడిలోని కంచుగంట గట్టు మీది స్తూపానికి చేరింది. అప్పలసూరి కొడుక్కి మేస్త్రీగిరీ, మనవడికి పండుగనాడు తెల్లగొడుగు కింద ముందు నడిచే మర్యాద దక్కాయి. కాయను మాత్రం ఆ ఇంటివారి చేతికి నేటికీ ఇవ్వరు. కూర్మమ్మ పోయిన వారానికే మిల్లువారు గుడిసె తీసేసుకున్నారు. ఆమె కూతురు సింహాచలానికి ఏమీ రాలేదు. సింహాచలం మనవరాలు మొదట చెప్పిన ఆ ఆదివారం అందరితోపాటు ఎండలో వరుసలో నిలబడింది. ఆమె ఎవరో అక్కడ ఎవరూ అడగలేదు.