పదహారు ఆంపియర్ల బాక్సు

తణుకులో బట్టల కొట్టు నడిపే కామేశానికి, ఎవరినైనా ఏదైనా అడిగితే పరువు పోతుందని గట్టి నమ్మకం ఉండేది. దారి తప్పినా అడిగేవాడు కాదు; తెలిసే చుట్టూ తిరుగుతున్నానని అనేవాడు.

ఒక డిసెంబరులో అతను మంచాలు, వంటిల్లు, స్నానాల గది ఉన్న క్యారవాన్ బండి ఒకటి అద్దెకు తీసుకుని, భార్య అలివేలునూ ఉబ్బసం ఉన్న అత్తగారినీ అనంతగిరి కొండ మీదికి తీసుకెళ్లాడు. అత్తగారు "నేను రాను" అని నాలుగుసార్లు అంది. అయిదోసారి అనకముందే బండెక్కి కూర్చుంది.

అక్కడ బండ్లు ఆపే మైదానంలో ఒక్కో బండికి ఒక్కో కరెంటు బాక్సు ఉండేది. వాటిని చూసుకునే సన్యాసమ్మ ఎదురొచ్చింది.

"బాబూ, ఈ బాక్సు పదారు ఆంపియర్లే మోస్తాది. మీ బండిలో ఏటేటున్నాయి? ఎంత లాగుతాయి?"

"మా ఇంట్లో మూడు ఏసీలున్నాయి. నాకు చెబుతున్నావా?" అన్నాడు కామేశం, ప్లగ్గు పెట్టేస్తూ.

పక్క బండివాళ్లు చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లకి చూపించకపోతే ఎలా? గీజరు వేశాడు. కరెంటు పొయ్యి మీద ఉప్మాకి నీళ్లు పెట్టించాడు. ఆ చలిలో శాలువా కప్పుకుని మరీ ఏసీ కూడా వేశాడు. బాక్సులో స్విచ్చి టక్కున పడిపోయింది. ఎత్తాడు. మళ్లీ పడిపోయింది. మూడోసారి ఎత్తేసరికి ప్లగ్గు కమిలి వాసన వచ్చింది. పక్క బండివాళ్లు మర్యాదగా ఆకాశం వైపు చూశారు.

అప్పుడే మంచుగాలికి అత్తగారికి ఆయాసం మొదలైంది. అలివేలు నెబ్యులైజరు తీసి స్విచ్చి నొక్కింది. అది పలకలేదు.

"ఏమండీ, అమ్మకి ఊపిరాడ్డం లేదు! వెళ్లి ఎవరినైనా అడగండి!"

కామేశం చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. "సన్యాసమ్మా! ఆ బాక్సు ఎంత మోస్తుందన్నావు?"

పుట్టి బుద్ధెరిగాక అతను అడిగిన మొదటి ప్రశ్న అదేనని అలివేలు తర్వాత అందరికీ చెప్పింది.

"పదారు బాబూ. మీవన్నీ కలిపితే పాతికౌతాది. ముందు అన్నీ కట్టేయండి."

ఆమె తన గదిలోంచి మంచి వైరు తెచ్చి పక్క బాక్సుకి తగిలించింది. నెబ్యులైజరు గుర్రుమంది. కామేశం బండి మెట్టు మీద కూలబడి, అత్తగారి ఒక్కో ఊపిరీ వింటూ ఉండిపోయాడు. పది నిమిషాలకు ఆమె మాస్కు తీసింది.

"అల్లుడుగారూ, ఆ ఉప్మా సంగతేమైంది?"

కామేశానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లైన ఇరవై ఏళ్లలో అత్తగారి మాట అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

మర్నాడు అరకులో బండి ఆపకముందే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇక్కడి బాక్సు ఎంత మోస్తుందండీ?" అని అడిగాడు. అడిగింది టీ అమ్మేవాణ్ణి. అయినా అడిగాడు.

దేనిమీదైనా భారం వేసేముందు అది ఎంత మోయగలదో అడిగి తెలుసుకోవాలి. అడిగినందువల్ల ఎవరి పరువూ పోదు.