కింద పెట్టలేని పుస్తకం

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, నడిపివాడు వీరసేనుడు, చిన్నవాడు చంచలసేనుడు. చంచలసేనుడికి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ తింటూ లేచిపోయి నెమళ్ళను తరిమేవాడు. పుస్తకం ఇస్తే ముందు చివరి ఆకు తిప్పి చూసి, "ఓస్, ఇంతేనా!" అని పారేసి పరుగెత్తేవాడు. గురువుగారు ఎప్పుడో చేతులెత్తేశారు.

ఒకనాడు రేవులోకి ఒక ఓడ వచ్చింది. ఓడలో ఒక పెట్టె, పెట్టెలో మూడు తాళపత్ర గ్రంథాలు. ఒక్కొక్కదాని పై చెక్క మీద బంగారు అక్షరాలతో ఒక పొగడ్త. పుస్తకాల అట్టల మీద రాస్తుంటారే, అలాంటిదే. వాటిని పంపినవాడు ఏడు సముద్రాల అవతల ఉండే డంబరాక్షుడనే మాంత్రికుడు. వాడి అట్ట మీద ఏది రాసి ఉంటే, చదివినవాడికి అచ్చంగా అదే జరుగుతుంది. అంత పాపిష్టివాడు వాడు.

మొదటి అట్ట మీద "చదివితే కన్నీళ్ళు ఆగవు" అని ఉంది. రాణిగారు చదివారు. అంతే, ఇక ఏడుపే ఏడుపు. ఆవిడ వంటింట్లోకి వస్తే పులుసులో వేరే ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది. రెండో అట్ట మీద "పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది" అని ఉంది. సేనాపతి చదివాడు. పాపం, మామగారు పోయిన ఇంట్లో కూడా పకపకా నవ్వాడు. ఆయన భార్య ఇప్పటికీ మాట్లాడటం లేదు. మూడో అట్ట మీద "చేతపడితే కింద పెట్టలేరు" అని ఉంది. రాజుగారు చేతపట్టారు.

ఇక కింద పెట్టలేదు. పుస్తకం రెండు చేతులకూ అంటుకుపోయింది. రాణిగారు ఏడుస్తూ ముద్దలు కలిపి నోట్లో పెట్టేవారు. రైతులు తగువులు పట్టుకొచ్చి వాకిట్లో నిలబడేవారు. రాజుగారు తల ఎత్తకుండా, "ఉండండి, వచ్చే ఆకులో అసలు కథ మొదలవుతుంది" అనేవారు. అలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, మూడేళ్ళు గడిచాయి. రాజుగారి కళ్ళు లోపలికి పోయాయి. "ఈ ఏడాది గడవడం కష్టం" అన్నాడు వైద్యుడు.

పెద్దకొడుకు మాంత్రికుడి మీదకు బయలుదేరాడు. ఏడు సముద్రాలు దాటి దిగగానే, రేవులోనే వాడి మనుషులు ఒక పుస్తకం చేతిలో పెట్టారు. "చదివినవారి జీవితమే మారిపోతుంది" అని ఉంది దాని మీద. ధీరసేనుడు అక్కడే గేదెలు కాసుకుంటూ ఉండిపోయాడు. అతని వెనకే వెళ్ళిన నడిపివాడికి ఇచ్చిన పుస్తకం మీద "ఏకబిగిన చదివిస్తుంది" అని ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, చుట్టూ చీమలు పుట్ట పెట్టుకున్నాయి.

చంచలసేనుడికి ఇంట్లో మనసు నిలవలేదు. తండ్రి ముందు గెంతాడు, అరిచాడు, గుర్రం మీంచి పడి విరిగిన చెయ్యి చూపించాడు. ఆయన చూడలేదు. నాన్న తనవైపు చూసి మూడేళ్ళయిందని ఆ పిల్లవాడికి గుండె తరుక్కుపోయింది. ఉక్రోషంతో నేల మీద పడుకుని, తండ్రి చేతుల కింద నుంచి తల దూర్చి, అట్ట చూడకుండా తన అలవాటు ప్రకారం చివరి ఆకు చూశాడు. "అసలు కథ మొదటి ఆకులో ఉంది" అని ఉంది. మొదటి ఆకు చూశాడు. "అసలు కథ వచ్చే ఆకులో ఉంది" అని ఉంది. అన్ని ఆకుల్లోనూ అదే ముక్క!

"నాన్నా, ఇందులో కథ లేదు నాన్నా!"

"అల్లరి చెయ్యకు నాయనా, వచ్చే ఆకులో మొదలవుతుంది" అన్నారు రాజుగారు.

అట్టలోంచి ఒక చెదపురుగు తల బయటపెట్టింది. "బాబూ, నువ్వన్నది నిజం. అట్ట తియ్యగా ఉంది, లోపల రుచీ పచీ లేదు. ముప్ఫై తరాలుగా పుస్తకాలు తిని బతుకుతున్నాం, ఇంత మోసం ఎరగం. ఆ డంబరాక్షుడి ప్రాణం ఒక చిలకలో ఉందని మా మేనత్త చెప్పింది. నన్ను తలపాగాలో పెట్టుకో, పోదాం పద!"

చంచలసేనుడు ఓడ ఎక్కాడు. ఒక సముద్రం దాటాడు. రెండో సముద్రం దాటాడు. మిగిలిన అయిదూ మీరే దాటించండి, నాకు ఓపిక లేదు. అతనికీ లేదు, రోజుకు ముప్ఫైసార్లు తెరచాప కొయ్య ఎక్కి దిగాడు. రేవులో మాంత్రికుడి మనుషులు పుస్తకం ఇస్తే, అలవాటుగా చివరి ఆకు తిప్పి చూసి సముద్రంలోకి విసిరేశాడు.

మాంత్రికుడి కోటలో ఒక అమ్మాయి చెక్క మీద అక్షరాలు చెక్కుతోంది. ఆమె పేరు మంజులిక. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి.

"ఈ అట్టలు రాసింది నువ్వా?" అన్నాడు చంచలసేనుడు కోపంగా.

"నేనే. రాయకపోతే మా నాన్నను రాయిని చేస్తానన్నాడు. రాసిన ప్రతి మాటకూ సిగ్గుతో చస్తున్నాను" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. "చిలక ఆ గదిలో ఉంది. రోజూ పొద్దున్నే అది వాడి పుస్తకాన్ని మూడుసార్లు పొగడాలి. ఆ పొగడ్తే వాడికి ఊపిరి. కానీ దాన్ని చంపకండి, దాని తప్పేం లేదు. కథ చెబుతానని ఆశపెట్టి వాడు దాన్నీ మోసం చేస్తున్నాడు."

చెదపురుగు గది గడియను కరకరా నమిలేసింది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు.

"చిలకమ్మా, మీ దొర పుస్తకంలో ఏం జరిగింది?" అన్నాడు చంచలసేనుడు.

"అద్భుతం!" అంది చిలక.

"అది సరే, రాజు ఎవరు?"

"అమోఘం!"

"పోనీ, ఎవరు ఎవర్ని పెళ్ళాడారు?"

"అపూ..." అనబోయి చిలక ఆగిపోయింది. "ఏమో బాబూ. నాకెవరూ ఒక్క కథా చెప్పలేదు" అంది చిన్నబోయి.

చంచలసేనుడికి జాలేసింది. తెలిసిన కథ ఒక్కటే, తన కథే. ఆ చివరా ఈ చివరా తిరుగుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. "అనగనగా ఒక రాజు..." అన్నాడు. "ఊఁ" అంది చిలక. "ఆ రాజు మూడేళ్ళుగా తల ఎత్తలేదు..." "ఊఁ." "చిన్నకొడుకు చెయ్యి విరిగినా చూడలేదు..." "అయ్యో! ఊఁ."

చిలక ఊఁ కొట్టడంలో పడి పొగడ్త మరిచిపోయింది. పైన డంబరాక్షుడికి ఊపిరి ఆడలేదు. మెట్లమీద దొర్లుకుంటూ వచ్చిపడ్డాడు.

"చిలకా! నా పుస్తకం ఎలా ఉంది? చెప్పు, చెప్పు!"

"ఉండవయ్యా, కథ మధ్యలో ఉంది."

"ఒక్క మాట! ఒక్క మాట అను తల్లీ!"

చిలక విసుక్కుంది. "నీ పుస్తకమా? పర్వాలేదులే" అంది.

ఆ మాట చెవిన పడగానే డంబరాక్షుడు ఎండుటాకుల్లా పొడిపొడిగా రాలిపోయాడు. చిలక అటు చూడను కూడా లేదు. "ఇంతకీ మీ నాన్న తల ఎత్తాడా?" అంది.

"తెలియదు" అన్నాడు చంచలసేనుడు. వెంటనే మంజులికనూ చిలకనూ చెదపురుగునూ ఓడ ఎక్కించాడు. అదే రేవులో నడిపన్న కుంటుకుంటూ వచ్చి ఎక్కాడు. పెద్దన్న మాత్రం, "గేదె ఈనేలా ఉంది, మీరు పదండి" అన్నాడు.

చంచలసేనుడు పరుగున కొలువులోకి వచ్చాడు. పుస్తకం నేల మీద పడి ఉంది. కానీ రాజుగారి తల వంగే ఉంది. మూడేళ్ళకు మెడ బిగుసుకుపోయింది.

"నాన్నా!"

రాజుగారు మెల్లగా, ఓపిగ్గా, నొప్పితో తల ఎత్తారు. కొడుకును చూశారు. చాలాసేపు చూశారు.

"చంచలా, నీకు మీసాలెప్పుడొచ్చాయిరా?" అన్నారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పటికి ఏడుపు ఆగిన రాణిగారు ఈసారి ఇష్టంగా ఏడ్చారు.

తరువాత మంజులికకూ చంచలసేనుడికీ పెళ్ళయింది. ఎనభై ఏళ్ళు రాజ్యం ఏలారు. ఆ సంగతులన్నీ చెప్పాలంటే మీకు అన్నాలు చల్లారిపోతాయి. పెళ్ళినాటి ముచ్చట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. పట్టపగలు పురోహితుడు వేలెత్తి, "అదిగో అరుంధతీ నక్షత్రం" అన్నాడు. అందరూ ఎండలోకి తలెత్తి, "ఆహా, కనబడింది, కనబడింది" అన్నారు. రాజుగారొక్కరే ఆకాశం వైపు చూడలేదు. కొడుకు ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.